అరచేతి తేమ

పత్తి బేరంలో నా పెట్టుబడి నా కుడి చెయ్యి. ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో ఇరవై ఏళ్లుగా రైతు బండిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు పత్తి పిసికి, తేమ ఎంతో చెబుతున్నాను. తేమ కొలిచే మిషన్ వచ్చాక కూడా రైతులు ముందు నా మాటే వినేవారు. తేమ ఎనిమిది శాతం లోపు ఉంటే పూర్తి ధర, దాటితే కోత. నా చెయ్యి తప్పు చెబితే నా పరువుతో పాటు రైతు ఏడాది కష్టం కూడా పోతుంది.

పోయినేడు చలికాలంలో అది తప్పు చెప్పింది.

హనుమండ్లు మాకు పాత రైతు. అతని పత్తిలో చెయ్యి పెట్టగానే చల్లగా, జిగటగా తగిలింది.

"తడున్నది తమ్మీ, కోత పడ్తది" అన్నాను.

అతను మిషన్ తెమ్మన్నాడు. మిషన్ ఏడు చూపించింది. ఆ చలిలో నా రవిక వీపుకు అంటుకుపోయి ఉంది, చెంపలు మండుతున్నాయి, అరచేతి నుంచి చెమట కారుతోంది. తగిలిన తడి నా చేతిదే.

"ఏందక్కా, నీళ్లు నువ్వే తెచ్చి నా పత్తి మీద పోస్తున్నవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పూర్తి ధర ఇచ్చి పంపాను గానీ ఆ నవ్వు యార్డులో ఉండిపోయింది.

నాకు నలభై ఏడేళ్లు. అప్పటికి చాలా నెలలుగా ముట్టు ఒకసారి రాదు, వస్తే ఆగదు. నిద్ర లేదు. ఒంట్లో ఆవిర్లు ఎప్పుడు లేస్తాయో తెలియదు. నా భర్త మస్కట్‌లో పని చేస్తాడు. ఇక్కడ వ్యాపారంలో నాకు తోడు మరిది పరశురాములు. ఆ సాయంత్రం అతను అన్నం ముందు కూర్చుని నా సంగతి తేల్చేశాడు.

"వదినె, మనోళ్లల్ల గీ వయసుకు గర్భసంచి ఎవ్వలకున్నది చెప్పు? తీసేయిచ్చుకో, పీడ పోతది. వచ్చే సీజన్ల చెయ్యి పెట్టుడు, ధర చెప్పుడు నేను చూస్కుంట."

మా అత్తమ్మ లీలాబాయి అతని కంచంలో కూర వేసింది. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లకే తీసేశారు.

సరుకు చూడకుండా బేరం ఒప్పుకునే అలవాటు నాకు లేదు. పుట్టిల్లు కరీంనగర్‌లో కాబట్టి అక్కడికి వెళ్లి ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆమె బీపీ, రక్తం, రొమ్ము పరీక్షలు, స్కానింగ్ అన్నీ చేయించింది. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా, కాళ్లలో రక్తం గడ్డకట్టిందా అని అడిగింది. అనుమానపడాల్సిందేమీ దొరకలేదు.

"సంచి తీసేస్తే ఆవిర్లు ఆగుతయా?" అని అడిగాను.

"బ్లీడింగ్ ఆగుతుంది. ఆవిర్లు ఆగవు. అండాశయాలు కూడా తీస్తే ఇంకా పెరుగుతాయి. మీకు హార్మోన్ మందు సరిపోతుంది. చేతికి రాసుకునే జెల్, రాత్రికి ఒక మాత్ర. సంచి ఉంది కాబట్టి మాత్ర మానొద్దు, లోపలి పొరను కాపాడేది అదే."

"ఇందులో నష్టమెంత?"

ఆమె దాచలేదు. ఏళ్ల తరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంచెం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే ముప్పు మింగే మందుతో పోలిస్తే రాసుకునే మందులో తక్కువ. ఏటా పరీక్షకు రావాలి. నష్టమెంతో ముందే చెప్పేవాళ్లతో బేరం చేయొచ్చు. ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చాక పరశురాములు ఆ మాత్రల అట్ట పట్టుకుని మెడికల్ షాపు దాకా వెళ్లొచ్చాడు.

"ఏంది వదినె, ఇయ్యి కడుపు నిలవనీకి ఇస్తరట గద?"

"నిలిస్తే తొట్టెల నువ్వే ఊపు" అన్నాను.

"నవ్వులాటలొద్దు. ఆపరేషనైతే ఒక్కనాడే పీడ పోతది."

తింటున్న అత్తమ్మ కంచం పక్కకు నెట్టింది. "నీకేం ఎరుకరా? నాది తీసినంక నాలుగేండ్లు బండల మీద నీళ్లు సల్లుకొని పండుకున్న. నన్నెవ్వలడిగిర్రు? దాన్ని దాని మందు వాడుకోనియ్యి."

అతను కాస్త తగ్గాడు గానీ వదల్లేదు. "సరే. సీజన్ల మొదటి బండికి నీ చెయ్యి, మిషన్ ఒక్కటే చెప్పాలె. లేకుంటే ధర నేనే చెప్త."

"కానియ్యి" అన్నాను.

మొదట్లో రొమ్ములు సలిపాయి, మధ్యమధ్యలో రక్తం కనిపించింది. మానేద్దామనిపించింది. మానలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఆమె రమ్మని, చూసి, మోతాదు మార్చింది. రోజూ స్నానం చేసి ఎడమ భుజానికి జెల్ రాసుకుని, ఆరనిచ్చి, కుడి చెయ్యి సబ్బుతో కడిగేదాన్ని. వానాకాలమంతా ఇంట్లో రెండు సంచుల పత్తి పెట్టుకుని, చేత్తో చెప్పడం, మిషన్‌తో సరిచూడడం. వానలు తగ్గేసరికి నిద్ర పట్టసాగింది. ఆవిర్లు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

సీజన్ మొదలైంది. మొదటి బండి హనుమండ్లుదే.

"అక్కా, గీసారి నీళ్లు ఇంట్లనే ఇడిసిపెట్టి వచ్చినవా?"

చెయ్యి పెట్టబోతుండగా గుండెల్లోంచి వేడి లేచింది. పోయినేడైతే దాచేదాన్ని. "జర ఆగు తమ్మీ, ఆవిరి లేసింది" అని అందరి ముందే చెప్పి, తువ్వాలతో చెయ్యి తుడుచుకుని నిలబడ్డాను.

"ఆగినవంటే ఓడినట్టే వదినె" అన్నాడు పరశురాములు.

"మిషన్ ఎండకు కాగితే నీడల పెట్టి ఆగుతవు గద. నేను మిషన్ కన్న తక్కువనా?"

వేడి దిగింది. చెయ్యి దూర్చాను. పైన దూది పొడిగా విడిపోయింది. మోచేతి లోతున ముద్దగా అంటుకుంది.

"మీద ఏడు. లోపట పదకొండు. తూకం కోసం నీళ్లు సల్లినవు తమ్మీ."

పరశురాములు మిషన్ పైన పెట్టాడు, తర్వాత లోతున పెట్టాడు. ఏడు. పదకొండు. అతనే చదివాడు, పక్కనున్నవాళ్లకే వినపడేంత మెల్లగా.

హనుమండ్లు తల గోక్కున్నాడు. "నీ చెయ్యి పోయిందన్నరు గదక్కా."

"ఎవ్వలన్నరు?"

 అతని చూపు మా మరిది మీదికి పోయింది. పరశురాములు మిషన్ వైరు చుట్టడంలో మునిగిపోయాడు.

దాని మీద మాట పెంచితే రెండో బండి ఆగుతుంది.

"ఎండ మంచిగున్నది. పత్తి ఎండబోసుకో. సాయంత్రం మళ్ల చెయ్యి పెడ్త, ఎనిమిదికి దిగితే పూర్తి ధర" అన్నాను హనుమండ్లుతో. "పరశురాములూ, కింద పరిచే పట్టా అటు కొస పట్టు."

అతను పట్టా కొస పట్టాడు. నేను చెయ్యి తుడుచుకుని రెండో బండి దగ్గరికి నడిచాను.