అమ్మ విప్పాల్సిన జడలు

పొద్దున్నే పాపకు పాలిచ్చి చాప మీద పడుకోబెట్టాక లిసెబో చేసే మొదటి పని పొడి షాంపూ డబ్బాను ఊపడం. లోపల గోళీ గలగలమంటుంది. ఆ చప్పుడు వింటే పాప కెనేవే ఎంత ఏడుస్తున్నా ఠక్కున ఆగి, వేలు నోట్లో పెట్టుకోవడం కూడా మరిచిపోయి చూస్తుంది. అందుకని లిసెబో డబ్బాను కావలసినదానికంటే ఇంకాస్త ఎక్కువే ఊపుతుంది. తరవాత, పొడి పాప ముక్కులోకి పోతుందేమోనని చాపను గుమ్మం దగ్గరికి లాగుతుంది. గుమ్మం దగ్గర చలి కొడుతుందేమోనని మళ్ళీ లోపలికి లాగుతుంది. చివరికి పాప మొహం మీద పల్చటి గుడ్డ కప్పి, అది ఊపిరికి అడ్డమవుతుందేమోనని ఒక కన్ను అటే వేసి, గబగబా పని కానిస్తుంది.

డబ్బాను తలకు జానెడు దూరంలో పట్టుకోవాలి. జడల మీద కాదు, జడకూ జడకూ మధ్య ఉన్న పాపిళ్ళ మీదే కొట్టాలి. పొడి జిడ్డును తాగేదాకా ఆగాలి. ఆ తరవాత పాత మేజోడు దువ్వెనకు తొడిగి పాపిడి వెంట తుడవాలి. తుడవకుండా వీధిలోకి వెళితే పిండిమర నుంచి వచ్చిన మనిషిలా ఉంటుంది. ఇదంతా అమ్మ నేర్పిందే.

మపుత్స్వే అనే పట్నంలో వ్యాన్లు ఆగే చోట, నీలం టార్పాలిన్ కింద, ఒక కుర్చీ, ఒక పగిలిన అద్దం పెట్టుకుని లిసెబో తల్లి ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి జడలు అల్లింది. పెద్దాసుపత్రికి వెళ్ళే ముందురోజు ఆ టార్పాలిన్ కింద ఆఖరున అల్లింది కూతురి తలే. తల్లి మోకాళ్ళ మధ్య నేల మీద కూర్చుని లిసెబో పాపకు పాలిస్తూ ఉంటే, పైన అమ్మ వేళ్ళు సవరం కలుపుతూ సన్న జడలు అల్లుకుంటూ పోయాయి. మధ్య మధ్య, వెనక కుంపటి మీద కెటిల్ చూసొస్తానని అమ్మ లేచి వెళ్ళేది. ఇవాళ ఊరందరికీ టీ పోస్తున్నావా అమ్మా అని లిసెబో నవ్వింది. చీకటి పడే వేళకు పని ముగిసింది.

"కడుపులో గడ్డ తీసేసి పంపిస్తారట," అంది అమ్మ దువ్వెన దులుపుతూ. "ముడి వేసిన చెయ్యే విప్పాలి. నేనొచ్చి విప్పుతాను. అందాకా తల తడపకు. పాలిచ్చేదానివి, ఈ చలికి తడి జడలు ఓ పట్టాన ఆరవు. నీకు పడిశం పడితే బిడ్డకీ పడుతుంది." అని తన కొట్లోని డబ్బా తీసి కూతురి చేతిలో పెట్టింది.

ముడి వేసిన చెయ్యే విప్పాలన్నది నిజానికి ఆమె వ్యాపారం మాట. వచ్చిన గిరాకీ మళ్ళీ తన దగ్గరికే రావాలని అందరితోనూ నవ్వుతూ అనేది. లిసెబో మాత్రం దాన్ని మూటగట్టి మనసులో దాచుకుంది.

ఆసుపత్రిలో ఇదిగో తీస్తాం, అదిగో తీస్తాం అంటూనే చలికాలం సగం గడిచిపోయింది. జడల మొదళ్ళలో కొత్త జుట్టు మొలిచి, జడలు నెత్తి మీంచి లేచి నిలబడ్డాయి. ఎంత పొడి కొట్టినా సాయంత్రానికి తల దురద. అయినా లిసెబో విప్పలేదు. ఈ జడలు ఉన్నన్నాళ్ళూ వీటిని విప్పడానికి అమ్మ రావాల్సి ఉంటుంది. విప్పేస్తే ఇక రావాల్సిన పనేముంది? పాప కడుపున పడి బడి మధ్యలో మానేసినా, అది పిచ్చి ఆలోచన అని తెలియనంత అమాయకురాలు కాదు. తెలిసీ వదల్లేకపోయింది.

అమ్మ కొట్టు పక్కనే బోండాలు వేసే ఆవిడను, కొడుకు రెఫీలో పేరు మీద, అందరూ రెఫీలో వాళ్ళమ్మ అంటారు. ఊరుకునే మనిషి కాదు. "ఏమే, కొండల మీది మంచు నీ నెత్తిన కురిసిందా? నా బండిలో పిండైనా ఇంత తెల్లగా లేదు. ఆ కంప ఇలా తే, నేను విప్పుతాను," అంది ఓ రోజు. లిసెబో తలగుడ్డ బిగించుకుని, అమ్మ వచ్చి విప్పుతుందని చెప్పింది. ఆ మాటకు రెఫీలో వాళ్ళమ్మ ఏదో అనబోయి, నూనెలో బోండాల వైపు తిరిగింది.

ఆదివారం నాడు పులిసిన జొన్న జావ డబ్బాలో పోసుకుని, పాపను దుప్పటితో వీపుకు కట్టుకుని లిసెబో ఆసుపత్రికి వెళ్ళింది. అమ్మ మంచంలో చిక్కి సగమైపోయింది. జుట్టు ఉండలు కట్టి తలగడకు అంటుకుని ఉంది. కూతుర్ని చూడగానే ముందు తన తల మీదికే చెయ్యి పోనిచ్చింది, దాచుకోవడానికి.

"జడలల్లే దాని తల ఇదమ్మా. ఎవరైనా గిరాకీ చూస్తే ఇంకేముంది," అంది.

లిసెబో సంచీలోంచి డబ్బా తీసింది. పక్క మంచం ఆవిడకు దగ్గు వస్తుందని నర్సు విసుక్కుంటే, కిటికీ తెరిచి, అమ్మ జుట్టును పాయలు పాయలుగా ఎత్తి కొంచెం కొంచెంగా కొట్టింది. ఆగింది. మేజోడు తొడిగిన దువ్వెనతో మెల్లగా తుడిచింది. మురికి దువ్వెనకు వచ్చింది, దాంతోపాటు జుట్టూ వచ్చింది. ఆ జుట్టును అమ్మ చూడకుండా గుప్పిట్లో దాచేసింది. అమ్మ కళ్ళు మూసుకుని, ఎంత హాయిగా ఉందే అంది. కాసేపటికి కళ్ళు తెరిచి, కూతురి తలగుడ్డ జరిపి, జడల మొదళ్ళు వేళ్ళతో తడిమింది.

"ఇదేంటే, అడవిలా పెంచావు. ఇటు కూర్చో. ఇవాళ నా చేతులు మాట వింటున్నాయి. విప్పుతాను."

లిసెబో వెనక్కి జరిగింది. ఇక్కడ విప్పడమంటే ఇంటికి రాననే కదా. "ఇంటికొచ్చాక విప్పుదువులే అమ్మా. ఇక్కడొద్దు," అంది.

"పోనీ అన్నీ వద్దు. వెనకవి నాలుగైనా విప్పనీ."

"వద్దన్నానా."

"వెనకవే, లిసెబో. ఎంతసేపు పడుతుంది?"

లిసెబో తలగుడ్డను చెవుల దాకా లాగి కట్టేసుకుంది. పాపకు పాల వేళయిందనీ వ్యాను పోతుందనీ ఏవేవో సాకులు చెప్పింది. అమ్మ ఆమెవంక చూసి, "సరే. కడుపులో ఉన్నప్పుడే అడ్డం తిరిగిన దానివి," అని నవ్వింది. తరవాత పాప పాదం పట్టుకుని, అది నిద్రపోయేదాకా వదల్లేదు.

లిసెబో తల్లిని చూడడం అదే ఆఖరు. ఆ వారంలోనే ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది.

శనివారం సమాధి చేశారు. ఆదివారం పొద్దున్నే పెరట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి కలబంద నలిపి వేశారు. చనిపోయిన మనిషి రక్తం పంచుకున్నవాళ్ళంతా గుండు చేయించుకుని ఆ నీళ్ళతో కడుక్కోవాలి. పెద్దవాళ్ళతో మొదలై పసివాళ్ళతో ముగియాలి. అమ్మకు తోడబుట్టినవాళ్ళెవరూ మిగల్లేదు గనక మొదటి తల లిసెబోదే. కత్తి పట్టింది మేనత్త. మేనకోడలిని చిన్నప్పుడు వీపున మోసిన మనిషే, కాని తంతులో పిసరంతైనా తప్పనివ్వదు. జడలు కత్తిరించి పారేద్దామని కత్తెర తీసింది.

లిసెబో రెండు చేతులతో తల పట్టుకుంది. "కత్తెర పెట్టొద్దత్తా. అమ్మ విప్పుతానంది."

మేనత్త కత్తెర కింద పెట్టి, కోడలి పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. "మీ అమ్మ చేతులు నేలలో పెట్టొచ్చాం కదమ్మా," అంది మెల్లగా. "ఆ చేతులు కన్న చేతులు నీకున్నాయి. నువ్వే విప్పు. ఎంతసేపైనా కూర్చుంటాం."

లిసెబో ముందు జడలు విప్పడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళనుంచో పేరుకున్న పొడి ఉండలు ఉండలుగా ఒళ్ళో రాలింది. ముందు జడలన్నీ చూడముచ్చటగా, గీత గీసినట్టు ఉన్నాయి. వెనకవి విప్పడానికి చేతులు సరిగా అందలేదు. రెఫీలో వాళ్ళమ్మ వచ్చి వెనక కూర్చుంది. రెండు జడలు విప్పి, మూడో దాని దగ్గర ఆగిపోయింది.

ఏమైందని లిసెబో అడిగింది. తనే చెయ్యి వెనక్కి పోనిచ్చి తడిమి చూసింది. మెడ దగ్గర జడలు జడల్లా లేవు. ఒకటి లావు, ఒకటి సన్నం. పాపిడి వంకర పోయి ఉంది. చివరివైతే మూడు పాయలతో అల్లినవే కావు, రెండు పాయలు మెలితిప్పి ఎలాగో ముడేసినవి. ఇన్నాళ్ళూ వాటి మీద గుడ్డిగా పొడి కొట్టింది గాని, వేళ్ళకు కళ్ళు లేకపోయాయి.

"ఆ రోజు కుంపటి మీద కెటిల్ లేదే, పిల్లా," అంది రెఫీలో వాళ్ళమ్మ. "మీ అమ్మ నా బండి వెనక్కొచ్చి మోకాళ్ళు కడుపుకు నొక్కుకుని కూర్చునేది. నొప్పి తగ్గాక మొహం కడుక్కుని వెళ్ళేది. నీకు చెప్పొద్దంది. వెనకవి పాడు చేశానే, నలుగురి కళ్ళా పడకముందే వచ్చి విప్పెయ్యాలి అంది."

వెనకవి నాలుగైనా విప్పనీ. ఆ మాట అప్పుడు చెవిన పడింది, ఇప్పుడు గుండెన పడింది. అమ్మ అడిగింది అంతే. అరగంట పని. కిటికీ తెరిచే ఉంది, చేతులు మాట వింటున్నాయి, పాప పేచీ పెట్టడం లేదు. లిసెబో ఏడవలేదు. రెఫీలో వాళ్ళమ్మ తక్కినవి విప్పుతుంటే, ఒళ్ళో పడ్డ పొడి వంక చూస్తూ ఉండిపోయింది.

గుండు అయ్యాక మేనత్త జుట్టంతా గుడ్డలోకి ఎత్తింది. ఎవరి చేతికీ చిక్కకుండా దాన్ని పొయ్యిలో వెయ్యాలి. లిసెబో దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, ఎన్నడూ తంతు తప్పని మనిషి గొంతు తగ్గించి, ఒక పాయ ఉంచుకుంటావా, నేను చూడలేదనుకుంటాను అంది.

లిసెబో గుడ్డలో చెయ్యి పెట్టింది. అమ్మ చక్కగా అల్లిన ముందు పాయలను పక్కకు నెట్టి, మెలితిప్పిన వెనక పాయల సవరాలను ఏరి ఏరి తీసింది. వాటిని ఎవరికీ కనిపించకుండా గుప్పిట మూసి, ముందుగా వాటినే పొయ్యిలో వేసింది. తక్కినవి వేసేటప్పుడు మేనత్త కళ్ళల్లోకి చూసి తల అడ్డంగా ఊపింది.

ఆఖరున పాప వంతు. కలబంద నీళ్ళు తలకు తగలగానే కెనేవే గుక్కపట్టింది. చలికి ఏమవుతుందోనని లిసెబో పాపను పొదువుకుంది. ఇంట్లోంచి ఎవరో డబ్బా తెచ్చి ఊపారు. గోళీ గలగలమంది. పాప ఏడుపు మాని, కళ్ళ నీళ్ళతోనే అటు చూసింది. లిసెబో చెయ్యి అలవాటు కొద్దీ పాపిడి వెతుక్కుంటూ తన తల మీదికి వెళ్ళింది. నున్నటి తల చల్లగా తగిలింది.

"ఊపండి, ఆపకండి," అంది ఆమె. "ఇంకాస్త ఊపండి."