వేలం గొంతు

వినబడనప్పుడు దగ్గరికి వచ్చి అడగాలి గాని, వంటింట్లోంచి "ఆఁ? ఆఁ?" అంటే ఎన్నిసార్లు చెప్పాలని ఆయన భార్య మీద విసుక్కున్నాడు. నోట్లో నమిలి మింగేస్తే ఎవరికి వినబడుతుందని ఆమె అంది. పొద్దుటి నుంచీ ఇదే గొడవ.

"వదిన చెవికి మైకు పెట్టించాల్సిందే," అన్నాడు మరిది, అన్నతో మార్కెట్‌కు వెళ్లడానికి చెప్పులేసుకుంటూ.

ఆయన కూరగాయల మార్కెట్లో వేలం పాడతాడు. బస్తాల మీద నిలబడి ధర కేకేస్తే గేటు అవతలి లారీ డ్రైవర్లు తలతిప్పి చూసేవాళ్లు. ఎండాకాలం నుంచి ఆ గొంతు బొంగురుపోయింది. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. వేలం పాడేవాళ్లలో గొంతు అరగనిదెవరికి? మార్కెట్లో అదొక గొప్ప కూడా. అందుకే ఆయన మాట అందనప్పుడల్లా తప్పు ఆమె చెవుల మీదికి పోయింది. చివరికి ఆమెకే తన చెవుల మీద అనుమానమొచ్చింది.

కూతురు ఇద్దరినీ చెవి, ముక్కు, గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్ష చేసి, ఆమె చెవులు నిక్షేపంగా ఉన్నాయంది డాక్టరమ్మ. ఆయన ఏదో అనబోయాడు. డాక్టరమ్మ రాయడం ఆపింది.

"మీ గొంతు ఎన్నాళ్లుగా ఇలా ఉందండీ?"

ఎండాకాలం నుంచి అని కూతురే చెప్పింది. ఇన్ని నెలల బొంగురును వదిలేయకూడదని, సన్న కెమెరాతో లోపల చూడాలని, ఏమీ కాకపోవచ్చు గాని చూడందే ఏమీ చెప్పలేనని డాక్టరమ్మ అంది. సీజన్ అయ్యాక వస్తానని ఆయన లేచాడు.

ఇంటికొచ్చాక ఆమెకు గెలిచానన్న సంబరమే లేదు. ఎవరూ లేనప్పుడు ఆయన వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"లోపల ఏదో ఉందంటే ఇంక పాడొద్దంటారు. పాట లేకపోతే అక్కడ నేనెవర్ని?"

"ఇప్పుడు పాడుతున్నారా?" అని ఆమె నెమ్మదిగా అడిగింది.

ఆయన వంటింటి తలుపు దగ్గరగా వేశాడు.

"తమ్ముడే పాడుతున్నాడు. నేను పక్కన నిలబడి ధరకు వేళ్లు చూపిస్తున్నా. ఇంట్లో చెప్పొద్దన్నాను."

ఆమె స్టవ్ కట్టేసి ఆయన చేయి పట్టుకుంది. చల్లగా ఉంది.

భోజనాలకు అందరూ కూర్చున్నాక, ఆయన మంచినీళ్లు తాగి గొంతు సవరించుకున్నాడు. అది సవరణకు లొంగలేదు. అలాగే చెప్పాడు.

"ఒరే తమ్ముడూ, రేపటి నుంచి వేలం నీదే. నేనూ మీ వదినా పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం."