బాబాయికి నేను చదవని పేజీలు

బహుమతి ఎవరికొచ్చిందన్నది మాకు పెద్దగా పట్టేది కాదు. వచ్చేలోపు మేం పోట్లాడుకోవడమే అసలు సరదా. ఆ నవలల బహుమతి ఇచ్చేవాళ్ళు ఏటా ఐదు నవలలు ఎంపికచేసి జాబితా వేసేవారు. ఆ ఐదూ చదువుకుని, ఆదివారం మధ్యాహ్నాలు మా బాబాయి బైండింగు షాపులో చేరేవాళ్ళం. బాబాయి, పోస్టుమాస్టరు గారు, నర్సక్క, నేను. జిగురు వాసన, కాలి కింద కాగితపు ముక్కలు, కూర్చోడానికి అట్టల కట్టలు. ఇప్పుడు తలుచుకుంటే ఎంత బాగుండేదో ఆ గోల!

ఎవరి అభిప్రాయం వాళ్ళు ఒక నోటుబుక్కులో రాయాలి. తర్వాత మార్చుకోవాలంటే మాత్రం అందరి ముందూ నిలబడి కారణం చెప్పాలి. ఆ నియమం పెట్టింది బాబాయే. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా తను నిలబడలేదని చెప్పుకోవడం ఆయనకు మహా ఇష్టం. పోస్టుమాస్టరు గారంతటి మనిషి కూడా, ఆయన ఏమంటాడో విన్నాకే కలం తీసేవారు.

అంతలో ఆయన చూపు పోయింది. చేత్తో తడుముకుంటూ పుస్తకాలు కుట్టగలిగేవాడు గానీ అక్షరం కనపడేది కాదు. నోటుబుక్కులో ఆయన మాట పోస్టుమాస్టరు గారే రాసిపెట్టేవారు. "నేను చదివి పెడతాలే బాబాయ్" అన్నాను. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పొద్దంతా హలో హలో అని గొంతు చించుకుని, సాయంత్రం ఆయన బల్ల పక్కన కూర్చుని చదివేదాన్ని. నాకు ఓపిక తక్కువ. వర్ణన మొదలైతే చాలు, ఒళ్ళు మండేది. నవల్లో నాలుగు పేజీలు కురవాల్సిన వాన నా నోట్లో నాలుగు వాక్యాల్లో వెలిసిపోయేది. ఆయనకేం తెలుస్తుందిలే అనుకున్నాను, పాపిష్టిదాన్ని. నాలుగేళ్ళు అలాగే లాక్కొచ్చాను.

నాలుగో ఏడు జాబితాలో చివరిది ఒక లావుపాటి నవల. బాబాయి దాన్ని ఏకిపారేశాడు. "కొడుక్కి తండ్రి మీద అంత పగెందుకో చెప్పనే లేదు. డొల్ల పుస్తకం" అన్నాడు.

పోస్టుమాస్టరు గారు తెల్లబోయారు. "అదేంటండీ! తండ్రి బావి తవ్వే నలభై పేజీలూ దానికోసమేగా?"

"ఏ బావి?" అన్నాడు బాబాయి.

బాబాయి మొహం నా వైపు తిప్పి నవ్వాడు. "అప్పుడు నాకు కునుకు పట్టినట్టుంది. పెద్దవాణ్ణయిపోయానయ్యా" అంటూ బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు. రాసింది కొట్టేయమన్నాడు.

అందరూ వెళ్ళాక అడిగాడు. "ఇంకా ఎన్నిట్లో వదిలేశావే?"

"అన్నిట్లో."

"ఇరవై నవలల మీద నోరు పారేసుకున్నానన్నమాట!" తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రేపు మొదటిదాన్నుంచి మళ్ళీ మొదలెట్టు" అన్నాడు, అంతే.

మొదలెట్టాను. ఒక్కొక్కటీ అయ్యేకొద్దీ ఆయన ఆదివారం లేచి నిలబడేవాడు. "ఈ పుస్తకానికి నేను అన్యాయం చేశాను. వినేటప్పుడు నిద్రపోయాను." మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత నిద్రబాబాయి అని పేరు పెట్టారు. నిజం చెప్పేస్తానని నేనంటే, "నోరు మూసుకుని చదువు" అనేవాడు.

ఇలా ఆరోసారి నిలబడిన వారం తర్వాత కొత్త జాబితా మీద మాట్లాడుకుంటున్నాం. పోస్టుమాస్టరు గారు చెప్పారు, నర్సక్క చెప్పింది, నేను చెప్పాను. పోస్టుమాస్టరు గారు నోటుబుక్కు మూసేశారు. బాబాయి చెప్పడానికి గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

ఇక నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను. "బాబాయి ఏనాడూ నిద్రపోలేదు. నేనే పేజీలు ఎగ్గొట్టాను. ఇరవై పుస్తకాల్లోనూ" అని ఏడ్చేశాను.

"నిన్నెవరడిగారే?" అని బాబాయి కసిరాడు.

"ఎంత పని చేశావమ్మా! చూపులేని మనిషిని మోసం చేయడానికి మనసెలా వచ్చింది?" అంది నర్సక్క. పోస్టుమాస్టరు గారు కూడా ఏదో అనబోయారు.

బాబాయి బల్ల మీద దబ్బున చరిచాడు. "ఆగండి! అది సగమే చదివింది, నిజమే. నాలుగేళ్ళలో మీలో ఎవరైనా వచ్చి నాకు ఒక్క పేజీ చదివారా?"

పోస్టుమాస్టరు గారు నోటుబుక్కు మళ్ళీ తెరిచి, "మీ అభిప్రాయం చెప్పండి బైండరు గారూ, రాసుకుంటాను" అన్నారు. బాబాయి గంటసేపు దంచేశాడు.

మర్నాడు డ్యూటీ దిగి షాపుకి వెళ్తే, నా కుర్చీలో నర్సక్క కూర్చుని చదువుతోంది. ఇకమీదట వారంలో రెండు రోజులు తనవి, రెండు రోజులు పోస్టుమాస్టరు గారివట. నాకు మిగిలినవి మూడు రోజులు. నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయి ఆ తర్వాత రెండేళ్ళే బతికాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా, వాళ్ళు పట్టుకుపోయిన ఆ నాలుగు రోజుల మీద నాకు ఇంకా కోపమే.