నీళ్ళు వదిలే వేళ

నీటిమట్టం కొలబద్ద మీద పాచి పట్టిన అంకెను బొటనవేలితో తుడిచి, అచ్యుతరావు కళ్ళజోడు సర్దుకుని మరోసారి చూశాడు. రెండడుగుల మూడంగుళాలు. నిన్నటి లెక్కే. జేబులోని చిన్న పుస్తకంలో వేసుకుని, ఇనుప మెట్ల కమ్మీ పట్టుకుని పైకెక్కాడు. పద్నాలుగేళ్ళుగా ఎక్కుతున్న మెట్లే. ఈ మధ్య మాత్రం ఏడో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోవలసి వస్తోంది.

కింద నది పొగలు కక్కుతోంది. ఆగస్టు నెలైనా సరే, డ్యాము అడుగు నుంచి వచ్చే నీళ్ళు కనక ఏడాది పొడుగునా ఒకటే చల్లదనం. ఆ చలువకే ట్రౌట్ చేపలు బతుకుతాయి. ఆ చేపల కోసమే మనుషులు వందేసి మైళ్ళ నుంచి కార్లు తోలుకొచ్చి, చంకల దాకా రబ్బరు లాగులు తొడుక్కుని, గేలాలు పట్టుకుని ఏటి మధ్యలో నిలబడతారు.

డ్యాములో కరెంటు యంత్రాలు తిరిగితే ఏరు నిండుతుంది. ఆ మనుషులకి నీళ్ళెప్పుడు వస్తాయో చెప్పడం అచ్యుతరావు ఉద్యోగం.

కంట్రోల్ రూములో టెలిఫోను పక్కన, ఫోన్ చేసినవాళ్ళకి వేళలు వినిపించే టేపు యంత్రం మీట నొక్కి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు. "ఈ రోజు గురువారం, ఆగస్టు పద్నాలుగు, పంతొమ్మిది వందల ఎనభై ఆరు. మార్లో డ్యాము నుంచి సాయంత్రం నాలుగు గంటలకి ఒక యంత్రం, అయిదు గంటలకి రెండో యంత్రం నడుస్తాయి." అక్కడితో కాగితం అయిపోయింది. ఎనిమిదేళ్ళుగా తనంతట తాను కలుపుతున్న వాక్యం కూడా చెప్పాడు. "ఈ వేళలు మారవచ్చు. గడియారాన్ని నమ్ముకోకండి, నీళ్ళని చూస్తూ ఉండండి." పైవాళ్ళు రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి ఊరుకున్నారు.

డ్యాము కిందే కంపెనీ ఇచ్చిన ఇల్లు. టెనెసీ కొండల మధ్య లోయ అది. పదింటికి గాని ఎండ దిగదు, నాలుగింటికల్లా కొండ వెనక్కి పోతుంది. ఉన్నది ఒకటే రోడ్డు, ఏటిని పట్టుకుని కిందికి పోతుంది. అచ్యుతరావు టిఫినుకి వచ్చేసరికి భార్య లీల పెద్ద సూట్‌కేసు మీద మోకాలు మోపి తాళం వేస్తోంది.

"నేను నొక్కనా?"

"అయిపోయిందండీ," అంది, ముంగురులు వెనక్కి తోసుకుంటూ.

కూతురు సుమతి ఉత్తరాన నోవై అనే ఊళ్ళో కార్ల కంపెనీలో ఇంజనీరు. జూన్‌లో పాప పుట్టింది. సెలవు అయిపోవచ్చింది, చంటిపిల్లని చూసుకునే మనిషి దొరికే దాకా అమ్మ ఉంటే బాగుంటుందంది. ఆరు వారాలు. సెప్టెంబరు ఆఖరుకి లీల తిరిగి వచ్చేస్తుంది. రాత్రి విమానం. ఎయిర్‌పోర్టు రెండు గంటల దారి. నాలుగింటికి నీళ్ళు వదలాలి కనక అచ్యుతరావు వెళ్ళడానికి లేదు, లీలకి డ్రైవింగ్ రాదు. నలభై మైళ్ళ అవతల ఊళ్ళో ఉండే డాక్టర్ కృష్ణమోహన్ గారు తాను దిగబెడతానన్నారు. ఆయనకి గురువారం సెలవు. రెండేళ్ళుగా ట్రౌట్ చేపల పిచ్చి పట్టుకుంది. "మూడింటి దాకా ఫిషింగ్ చేసుకుని, ఇంటికొచ్చి లీలగారిని పికప్ చేసుకుంటా. రెండు పన్లూ అయిపోతాయి," అని ఫోన్లో చెప్పారు.

లీల పెట్టిన ఉప్మా తిని, అచ్యుతరావు పళ్ళెం తానే కడిగి పెట్టాడు.

గోదావరి కాలవ మీద లాకు సూపర్‌వైజరుగా పనిచేసిన మనిషి. బావమరిది రమ్మంటే డెబ్భైలో అమెరికా వచ్చాడు. అతని డిప్లొమాని ఇక్కడ ఎవరూ ఖాతరు చెయ్యలేదు. రెండేళ్ళు ఎక్కడెక్కడో తిరిగాక ఈ డ్యాములో కుర్చీ దొరికింది. "ఒక్క రెండేళ్ళు లీలా, తర్వాత మనవాళ్ళున్న ఊరికి పోదాం," అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. డెబ్భై ఎనిమిది దాకా నిజంగానే అనుకున్నాడు.

ఆ ఏడు జులైలో ఒక మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఎండ మండిపోతోంది, కరెంటు చాలడం లేదు, నాలుగింటి నీళ్ళు రెండింటికే వదలమని. రూలు ప్రకారం మూడుసార్లు హారను మోగించి, అచ్యుతరావే యంత్రం తిప్పాడు. హారను రెండో మలుపు దాకా వినిపిస్తుంది. మూడు మైళ్ళ కింద, గులకరాళ్ళ దిబ్బ మీద నిలబడ్డ బడిపంతులుకి వినిపించలేదు. ఇరవై ఆరేళ్ళవాడు, నీళ్ళలో కొట్టుకుపోయాడు. విచారణలో ఎవరి తప్పూ లేదని తేలింది. వారం తర్వాత వాళ్ళమ్మ డ్యాము గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. "ఆ రోజు పొద్దున మావాడు ఫోన్ చేసి విన్నాడు. నాలుగింటికి అన్నారట. ఆ గొంతు మీదేనా?" అని అడిగింది. అవునన్నాడు. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అచ్యుతరావు ఎవరో వాడి పారేసిన రబ్బరు లాగు ఒకటి కొనుక్కున్నాడు. ఈత రాని మనిషి, యంత్రాలు ఆగిన రోజుల్లో చేతికర్ర పొడుచుకుంటూ ఏరంతా నడిచాడు. ఎక్కడ మోకాలి లోతు, ఎక్కడ ఊబి, ఏ రాయి జారుతుంది, నీళ్ళొచ్చాక ఎటు పోతే గట్టు అందుతుంది, అన్నీ కాళ్ళతో నేర్చుకున్నాడు. ఒక్క చేపా పట్టలేదు. నీళ్ళు వదిలిన ప్రతిసారీ ట్రక్కేసుకుని, నీళ్ళకంటే ముందు రోడ్డు వెంట పోయి, అందరినీ గట్టెక్కించి వచ్చేవాడు. అది అతని డ్యూటీ కాదు. ఎనభై ఒకటిలో నగరం ఆఫీసుకి బదిలీ ఇస్తామని ఉత్తరం వచ్చింది. లీలకి చెప్పకుండా వద్దని రాసేశాడు. రెండేళ్ళ తర్వాత ఏదో కాగితం వెతుకుతుంటే ఆ ఉత్తరం ఆమె చేతికి దొరికింది. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఇడ్లీకి పప్పు నానబోసింది. ఆ ఉత్తరం మాట ఇద్దరూ ఇంతవరకూ ఎత్తలేదు.

రెండూ పదికి ఫోను మోగింది.

"రెండున్నరకి స్టార్ట్ చెయ్యండి. రెండు యూనిట్లూ," అంది పై ఆఫీసు గొంతు.

అచ్యుతరావు గోడ గడియారం చూశాడు. "నాలుగని చెప్పాను. జనం ఏట్లో ఉన్నారు. నాకు గంట టైమివ్వండి."

"హారన్ ఉంది కదా."

"అరగంట."

"పది నిమిషాలు. రెండూ నలభై," అని పెట్టేశారు.

హారను మూడుసార్లు మోగించాడు. లోయ గోడలు ఆ మోతని అటూ ఇటూ విసురుకున్నాయి. పక్క కుర్చీలో ఉన్న డెన్నిస్‌కి వేళ చెప్పి, యంత్రం అప్పగించి, ట్రక్కు తాళాలు అందుకుని పరిగెత్తాడు. దార్లో మొదటి మడుగులో ఇద్దరు హారను విని అప్పటికే బయటికి వస్తున్నారు. రెండో మలుపులో ఎవరూ లేరు. మూడు మైళ్ళు పోయేసరికి రోడ్డు పక్కన డాక్టరుగారి నీలం బ్యూక్ కారు కనిపించింది. కారులో ఎవరూ లేరు. ఏటి మధ్యన గులకరాళ్ళ దిబ్బ కొసన, తెల్ల టోపీ పెట్టుకుని డాక్టరుగారు గేలం విసురుతున్నారు.

చేతులూపాడు. అరిచాడు. పారే నీళ్ళ హోరులో అరుపు మునిగిపోయింది. వాచీ చూసుకున్నాడు. నీళ్ళు ఇక్కడికి రావడానికి అరగంటకి మించి పట్టదు. ట్రక్కులోని రబ్బరు లాగు తొడుక్కుని, ప్యాంటు బెల్టు ఊడదీసి దాని నడుం మీద బిగించి, కర్ర పట్టుకుని దిగాడు. చలి రబ్బరులోంచి కూడా పిక్కల్ని పట్టేసింది. వాలు సికమోర్ చెట్టు దగ్గర మొదలుపెట్టి ఏటవాలుగా, పాదం ఎత్తకుండా, అడుగుని తడుముకుంటూ నడిచాడు.

డాక్టరుగారు వెనక్కి తిరిగి నవ్వారు. "అరె, అచ్యుతరావుగారూ! మీరు కూడా ఎంటరైపోయారా? ఇప్పుడే ఒక బ్యూటిఫుల్ ఫిష్..."

"పదండి. నీళ్ళు వస్తున్నాయి."

"ఫోన్ చేసి విన్నానే. నాలుగింటికన్నారు?"

"అన్నాను. మారింది."

డాక్టరుగారు ఏరంతా పారజూశారు. ఏమీ మారలేదు. ఎండకి గులకరాళ్ళు మెరుస్తున్నాయి. "ఇంకా మోకాలి లోతే కదండీ. దగ్గరి గట్టుకి పోతే సరిపోదూ?" అని అడ్డంగా ఒకడుగు వేశారు.

అచ్యుతరావు ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. పద్నాలుగేళ్ళలో ఆయన ముందు గొంతెత్తని మనిషి, గట్టిగా అరిచాడు. "అటు కాదు! అక్కడ నిలువు లోతు. ఎనిమిదేళ్ళ కింద ఒకడు అటే పోయాడు."

డాక్టరుగారి మొహంలో నవ్వు పోయింది. ఆయన రబ్బరు లాగుకి నడుం బెల్టు లేదు. పడితే క్షణంలో నీళ్ళు నిండి బస్తాలా లాక్కుపోతుంది. అచ్యుతరావు తన ప్యాంటు బెల్టు ఊడదీసి ఆయన నడుంకి చుట్టి బిగించాడు. అప్పుడే ఏటి చప్పుడు మారింది. ఎండుటాకులూ పుల్లలూ నురుగుతో కొట్టుకొచ్చాయి. ఎగువన ఎద్దు మూపురంలా తేలి ఉండే రాయి సగానికి మునిగింది.

"నా భుజం పట్టుకోండి. వదలకండి. పక్కకి తిరిగి నడవాలి, ఏటికి వీపు చూపించకూడదు. కాలు ఎత్తొద్దు, జరపండి. పడితే వెల్లకిలా పడండి, కాళ్ళు కిందివైపుకి పెట్టి. లేవాలని చూడొద్దు."

"నా రాడ్..."

"వదిలెయ్యండి."

అచ్యుతరావు ఎగువ పక్కన నిలబడ్డాడు. వచ్చే నీళ్ళ విసురు ముందు అతని తొడలకి తగిలి, విరిగి, డాక్టరుగారిని చేరుతోంది. మోకాళ్ళు దాటాయి. తొడలు దాటాయి. నడుము. ఒకచోట డాక్టరుగారి పాదం జారింది, ఆయన బరువంతా అచ్యుతరావు భుజం మీద పడింది. కర్ర విల్లులా వంగింది. ఆ క్షణంలో అచ్యుతరావుకి భయం వెయ్యలేదు, తర్వాత తలుచుకుంటే అదే వింతగా అనిపించింది. గట్టు మీద నిలబడి చూడటంకంటే ఇదే తేలిక అనిపించింది. కర్ర నిలబడింది. కుడిపాదం ముందుకి జరిపాడు. సికమోర్ వేరు చేతికందింది.

గట్టు మీద ఇద్దరూ కూలబడ్డారు. వెనక్కి చూస్తే దిబ్బ లేదు. ఒకటే పచ్చటి ప్రవాహం. డాక్టరుగారు తడిసిన టోపీ తీసి పిండారు. "మా ఆవిడ ఉషకి ఈ సంగతి చెప్పకండి," అన్నారు.

"చెప్పను."

"మీరూ ఇంటికి రండి. లీలగారికి బై చెప్పాలి కదా. టైముంది."

"కింద ఇంకా రెండు మడుగులున్నాయి. మీరు వెళ్ళండి, ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది," అని అచ్యుతరావు జారుతున్న ప్యాంటుని ఒక చేత్తో పట్టుకుని ట్రక్కెక్కాడు.

ఆరో మైలు దగ్గర, వంతెన కింద ఒక తండ్రీ కూతురూ ఉన్నారు. వాళ్ళు బయటికి వచ్చి, సామాన్లు సర్దుకుని వెళ్ళే దాకా నిలబడ్డాడు. నీళ్ళు వంతెన స్తంభాలకి తగిలేసరికి అతను వంతెన మీదికి ఎక్కాడు. డాక్టరుగారి కారు వచ్చి పక్కన ఆగింది. లీల దిగింది. ఆకుపచ్చ చీర, కాళ్ళకి సుమతి పంపిన తెల్ల బూట్లు. కమ్మీ దగ్గరికి వచ్చి కిందికి చూసింది.

"ఎవరైనా ఉన్నారా?"

"ఉండేవాళ్ళు. వచ్చేశారు."

"డాక్టరుగారు చెప్పారు," అంది. నీళ్ళ వైపే చూస్తూ, "మీరు మంచి పనే చేశారు. ఎప్పుడూ మంచి పనే చేశారు," అంది.

ఆ ఉత్తరం మాట ఎత్తాలనిపించింది. నాలిక చివరి దాకా వచ్చింది. డాక్టరుగారు కార్లోంచి చూస్తున్నారు.

"దిగగానే ఫోన్ చెయ్యి. సెప్టెంబరు ఆఖరుకి నేనే వచ్చి ఎయిర్‌పోర్టులో..."

"పాలు తోడేశాను. పప్పు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. ఆ తడి బట్టలు ముందు మార్చుకోండి," అంది లీల. అతని చొక్కా కాలరు మీద అంటుకున్న ఆకు తీసి ఏట్లోకి వదిలింది. కారు తలుపు మెల్లగా వేసుకుంది. బ్యూక్ వంతెన దాటి, మలుపు తిరిగింది.

అచ్యుతరావు డ్యాముకి తిరిగి వెళ్ళి, కొలబద్ద చూసి, పుస్తకంలో రాసి, ఎండ కొండ వెనక్కి పోయాక ఇంటికి చేరాడు. ఇల్లు ఊడ్చి ఉంది. పొయ్యి తుడిచి ఉంది. తడి ప్యాంటు విప్పి, ఆరేసుకోవడానికి ఖాళీ హేంగరేదైనా దొరుకుతుందేమోనని నడవలోని గోడ బీరువా తెరిచాడు.

లీల బట్టలుండే వైపు వరసగా పాత స్వెట్టర్లు, వాన కోటు, ఒక శాలువా ఉన్నాయి. చివర్న ఉండాల్సిన ఊదారంగు ఉన్నికోటు లేదు. మోకాళ్ళ కిందికి దిగే బరువైన కోటు అది, మంచు పడే రోజుల్లో తప్ప ఆమె దాన్ని ముట్టుకోదు. నోవైలో మంచు పడేది నవంబరులో.

అతను తడి ప్యాంటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ కోటు బరువు మొయ్యడానికని కొన్న లావాటి చెక్క హేంగరు కమ్మీకి వేళ్ళాడుతోంది, దాని కింద చెక్క అరలో, కోటు జేబులోంచి తీసి పెట్టిన కలరా ఉండ ఒకటి, అరిగి బఠాణీ గింజంతయి, ఇంకా వాసన వేస్తోంది.