సున్నా వేసి చూడు

మా చెల్లి ఆస్పత్రిలో పదకొండేళ్లుగా దుప్పట్లు ఉతుకుతోంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ప్రవేశపరీక్ష మూడుసార్లు రాసింది, మూడుసార్లూ లెక్కల్లోనే పోయింది. ఇదే ఆఖరిసారి. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. నేనేమో బళ్లో లెక్కల టీచర్ని. ఇంట్లో నన్ను పెట్టుకుని అది లెక్కల్లో తప్పితే ఎవరి పరువు పోయినట్టు?

నెల రోజులు వంటింటి బల్ల మీద కుస్తీ పట్టాం. బహుపదుల్ని కారణాంకాలుగా విడగొట్టడం బాగానే వచ్చింది. భిన్నం కనిపిస్తే మాత్రం దాని చేయి ఆగదు. పైన x+6, కింద x+3 ఉంటే, రెండు xలూ కొట్టేసి 2 అని రాసేది.

"మీ అత్తగారి సొమ్మనుకున్నావా, కనపడిందల్లా కొట్టేయడానికి? గుణకారంలో ఉంటేనే కొట్టేయాలి. కూడికలో ఉన్నదాన్ని ముట్టుకోకు."

"సరే అక్కా," అనేది. మళ్లీ కొట్టేసేది. సబ్బునీళ్లకు పగిలిపోయిన ఆ వేళ్లు చూస్తే నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చేవి.

చివరి వారం నా ఓపిక అయిపోయింది. "జవాబు రాశాక x బదులు ఏదో ఒక అంకె వేసి చూసుకో. మొదటి రూపం, చివరి రూపం రెండూ ఒకే విలువ ఇవ్వాలి. ఇవ్వకపోతే తప్పు చేసినట్టే."

"ఏ అంకె వెయ్యను?"

"సున్నా వెయ్యి, తేలిక," అన్నాను, పొంగుతున్న పాలకేసి పరిగెడుతూ.

పరీక్ష రోజు మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడ్డాను. నవ్వుతూ వచ్చింది. అది అంతలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో.

"గట్టెక్కాను అక్కా. సూక్ష్మీకరించే లెక్కలు ఎనిమిదిచ్చారు. ఎనిమిదింటికీ సున్నా వేసి చూసుకున్నా. అన్నీ సరిపోయాయి."

ప్రశ్నపత్రం లాక్కున్నాను. అంచున దాని జవాబులున్నాయి. మూడో లెక్క పైన x+8, కింద x+4. జవాబు 2. ఐదోదీ, ఆరోదీ, ఏడోదీ అదే వరస. కూడికలో ఉన్న xని కొట్టేసినా, దాని బదులు సున్నా వేసినా ఒకటే. ఆ తప్పుని సున్నా ఎన్నటికీ పట్టుకోలేదు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు అది ఆ గేటు దగ్గర తట్టింది.

"ఏమైందక్కా?"

"మూడోదానికి ఒకటి వేసి చూడు," అన్నాను.

కాగితం గోడకి ఆనించి వేసింది. తొమ్మిది బై అయిదు. రెండు కాదు. ఐదో లెక్కకీ వేసింది. ఆరోదానికి వెయ్యలేదు. పెన్సిల్ సంచిలో పెట్టుకుంది.

"మొదట ఒకటి వేద్దామనే అనుకున్నా," అంది నెమ్మదిగా. "నువ్వు సున్నా వెయ్యమన్నావని మానేశాను."