పెద్ద సిస్టర్ పళ్లసెట్టు

"నోరు తెరువు. నాలుక పైకెత్తు," అన్నాడు మాత్రలిస్తున్న నర్సు బ్రదర్.

మూడో మంచం ముసలాయన ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి నోరు తెరిచాడు. బుగ్గ సందున మాత్ర తెల్లగా కనిపించింది. గ్లౌజు వేలితో దాన్ని నాలుక మీదికి తోసి, నీళ్లు తాగించి, గొంతు కదిలేదాకా బ్రదర్ అక్కడే నిలబడ్డాడు. పెద్ద సిస్టర్ నేర్పిన మొదటి పాఠం అది.

రోగులంటే అతనికి పరమ చులకన. జబ్బు తగ్గాలంటారు, మందు మాత్రం మింగరు. వాళ్ల చుట్టాలంటే మరీను. నీళ్లు తగ్గించమన్న మనిషికి పళ్లరసం సీసాలు మోసుకొస్తారు. కుర్ర డాక్టరు సంగతి చెప్పనే అక్కర్లేదు. అతను మనిషిగా లెక్కవేసింది ఒక్క పెద్ద సిస్టర్‌నే. ఆవిడిప్పుడు ఈ వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద ఉంది.

ఒకప్పుడు ఆవిడ చెప్పుల చప్పుడికే వార్డంతా హడలిపోయేది. సూది పట్టుకోవడం దగ్గర్నుంచి అతనికి అన్నీ తిడుతూనే నేర్పింది, బాగుందని ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు గుండె నీరసించి, కాళ్లకు నీరుపట్టి, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. పోయేలోగా ఆ నోట ఒక్క మంచి మాట వినాలని అతని ఆశ. అందుకే ఆవిడ దుప్పటి మీద ముడత పడనివ్వడు.

నాడి చూసి, గుండె మాత్ర ఆవిడ అరచేతిలో పెట్టాడు. నోట్లో వేసుకుని, గుక్కెడు నీళ్లు తాగి, ఆవిడ అతని మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

"ఇంకేమైనా కావాలా మేడమ్?"

"ఇంకేం చెయ్యాలో నన్నడుగుతావేంట్రా?"

దుప్పటి గురించేమో అనుకుని మళ్లీ సర్దాడు.

"మొద్దావతారం," అని ఆవిడ కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నం చుట్టాలొచ్చే వేళ, వార్డంతా గోలగా ఉండగా, ఆవిడ ఊపిరి ఆగిపోయింది. కుర్ర డాక్టరు చేయగలిగింది చేసి, మందులన్నీ సరిగ్గా పడ్డాయా అని అడిగాడు.

"నా చేత్తో ఇచ్చాను," అన్నాడు బ్రదర్ చిరాగ్గా.

ఒళ్లు తుడిచే పని ఎవరికీ వదలకుండా తనే పెట్టుకున్నాడు. నోరు శుభ్రం చేయడానికి ఆవిడ కట్టుడు పళ్లసెట్టు తీసి తిప్పి చూస్తే, అంగిటికి ఆనే చోట పొద్దుటి మాత్ర అతుక్కుని ఉంది. దిండు గలీబు విదిలిస్తే మిగతా రోజులవీ రాలాయి.

వార్డులో అందరి నోళ్లూ తెరిపించినవాడు ఆవిడను మాత్రం ఒక్కరోజూ అడగలేదు. నేర్పిన మనిషిని నోరు తెరవమనడానికి మొహమాటపడ్డాడు. బతకడం విసుగనిపించిందో, అతణ్ణి పరీక్షించిందో, ఇక చెప్పేవాళ్లు లేరు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఆవిడ మేనకోడలు వచ్చి సంచీ తీసుకుంది, ఆ పళ్లు నాకెందుకని వదిలేసింది. కిటికీ పక్క బల్ల మీద, గిన్నెడు నీళ్లలో, పళ్లసెట్టు రెండు వరసలూ విడివడి నోరు బార్లా తెరుచుకుని ఉంది.