సగం మాత్ర

అమ్మ పోయినప్పటి నుంచి చెల్లెలికి అన్నీ అక్కే. ఇద్దరూ ఒకే బైండింగ్ షాపులో పనిచేసేవారు. అక్క కాగితాలు మడిచి కుట్టేది, చెల్లెలు అట్టలు అంటించేది. పెళ్లయి పక్క వీధికి వెళ్లాక కూడా చెల్లెలు ప్రతి చిన్నదానికీ "అక్కా, ఏం చేయమంటావు?" అనే అడిగేది.

మూడేళ్ల క్రితం, మూత్రపిండాల మీదుండే గ్రంథులు చెడిపోయాయని చెల్లెలికి పరీక్షల్లో తేలింది. అవి తయారు చేయాల్సిన హార్మోనును రోజూ మాత్రల రూపంలో వేసుకోవాలి. కడుపు పండాక డాక్టరమ్మ మరీ గట్టిగా చెప్పింది: "ఒక్క పూట కూడా మానొద్దు. వాంతులైతే వెంటనే వచ్చెయ్."

అక్కకే మనసొప్పలేదు. అవి స్టెరాయిడ్లని ఎవరో అన్నారు. "పసిగుడ్డుకి ఇవి పడతాయంటావా? సగం వేసుకో, చాలు" అంది. చెల్లెలు తలూపింది.

ఐదో నెలలో వాంతులు పట్టుకున్నాయి. వేవిళ్లు ఇంకా వదల్లేదనుకున్నారు. "జిగురు వాసన గిట్టని దొరగారెవరో పుడుతున్నారే" అని అక్క నవ్వించింది కూడా. మూడో రోజు మధ్యాహ్నం చెల్లెలు అట్టల దొంతర మీదే ఒరిగిపోయింది. ఒళ్లు చల్లబడింది. నాడి అందీ అందనట్టుంది.

ఆసుపత్రిలో సూదిమందు వేసి, సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి ఆమె కళ్లు తెరిచింది. బిడ్డ గుండె మాత్రం ఆగిపోయింది.

"మాత్రలు సరిగా వేసుకుందా?" డాక్టరమ్మ అడిగింది.

"వేసుకుంది మేడమ్, డబ్బా నేనే తెచ్చాను" అన్నాడు మరిది, చెల్లెలి భర్త.

అక్క ముందుకొచ్చింది. "లేదండీ. సగమే వేసుకోమని నేనే చెప్పాను."

మరిది ఆమె వంక చూశాడు. వరండాలోకి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

మర్నాడు నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల. దోసిట్లో ఇమిడేంత. చెల్లెలు చూడలేనంది. అక్కే చూసింది.

"నా నోరు పడిపోనూ... నీకెందుకు చెప్పానే ఆ మాట" అంటూ మంచం పక్కన కూలబడింది.

"నువ్వు చెప్పకపోయినా తగ్గించేదాన్నేమో అక్కా. నాకూ భయమేసింది." చెల్లెలు మెల్లగా అడిగింది. "ఎవరి పోలిక?"

"ముక్కు అచ్చం నీదే."

అప్పటిదాకా రాని ఏడుపు చెల్లెలికి అప్పుడొచ్చింది. ఏడుస్తూనే గోడవైపు జరిగి, మంచం మీద అక్కకు చోటిచ్చింది.